నిద్రకు వచ్చిన బావ

జనవరి 9, 1949

బడికి కొత్త సంవత్సరం డైరీలు వచ్చాయి. అన్నీ ఇంగ్లీషు తేదీలు. మా హెడ్‌మాస్టరుకు ఇప్పటికీ నిజాం కాలపు ఫస్లీ నెలలే నోటికి వస్తాయి. "ఇది నాకెందుకు" అని ఒకటి నా బల్ల మీద పెట్టి వెళ్ళాడు.

తను ఉంటే ఈ కాగితాలు నెల తిరక్కుండానే జీలకర్ర పొట్లాలు అయ్యేవి.

రాయడానికి ఏమీ లేదు. బావ పోలేదు.

జనవరి 10

డైరీలో మనుషులను పరిచయం చేయాలా? నాకు నేను తెలుసు. బావ కూడా తెలుసు. అయినా పాఠాలు చెప్పేవాడి అలవాటు పోదు.

తను అంటే నా భార్య కనకలక్ష్మి. కార్తీకంలో జ్వరంతో పోయింది. పిల్లలు లేరు. బావ అంటే కనకలక్ష్మి అన్న రాజయ్య. ఊరు పుప్పాలగూడ, నలభై ఏడేళ్ళు, పెళ్ళి కాలేదు. నన్ను వీరేశం అని పిలవడు, పంతులు అంటాడు. నేను మదీనాగూడలో ఉంటాను. లింగంపల్లి బడిలో పని. కాలేజీ చదువు ఉంది, వంట రాదు.

దినాలు అయిన మర్నాడు బావ నన్ను పుప్పాలగూడకు నిద్రకు తీసుకుపోవడానికి వచ్చాడు. నేను పోలేదు. నేను రానిదే కదలనని అరుగు మీద కూర్చున్నాడు. మొదట అక్కడే పడుకున్నాడు. తరవాత చలి అని నడవలోకి వచ్చాడు. ఇప్పుడు నా మంచం పక్కన ఇంకో మంచం ఉంది.

ఈ రోజు కూడా అదే మాట.

"సావు అయిన ఇంటోడు దగ్గరోళ్ళ ఇంట్ల ఒక్క రాత్రి పండుకోవాలె పంతులూ. గప్పుడే బరువు దిగుతది. నేను పెట్టిన కానూను కాదు, తాతలకెల్లి ఉన్నది."

"వస్త బావా. బడికి తనిఖీ ఉన్నది."

"తనిఖీ అయినంక?"

"అయినంక చూద్దం."

"సరె, చూసినంకనే పోత. జర ఆ దుప్పటి ఇటియ్యి."

జనవరి 12

తనిఖీ అయింది. బావకు చెప్పలేదు.

జనవరి 16

బావ వారానికి రెండుసార్లు తన సీతాఫలం తోట చూసుకోవడానికి పుప్పాలగూడ పోతాడు. పొద్దున్నే నడిచి పోతాడు, పొద్దు గూకేసరికి నడిచి వస్తాడు. అక్కడ సొంత ఇల్లుంది, సొంత మంచముంది. నేను లేకుండా అక్కడ పడుకుంటే ఒట్టు తప్పినట్టట. ఇంత మొండివాణ్ణి నేను చూడలేదు.

ఆయనకు పెళ్ళి ఎందుకు కాలేదో ఈ సాయంత్రం అడిగాను. ఇరవయ్యేళ్ళ బంధుత్వంలో ఎప్పుడూ అడగలేదు.

"పిల్లను పిలగాడు చూడొద్దు. పెద్దలు చూడాలె. అది మర్యాద" అన్నాడు.

"మరి పెద్దలు చూడలేదా?"

"నాయిన పాయె. అవ్వ పాయె. పెద్ద అంటే నేనే. పిలగాడు గూడ నేనే. పెద్దగ పోయి చూస్తె పిలగాడు చూసినట్టయితది గదా? అందుకని పోలె."

"ఎన్ని సంబంధాలు వచ్చినయి?"

"మస్తుగ. ఒక్కరిని గూడ చూడలె."

ఇందులో తప్పెక్కడుందో చాలాసేపు వెతికాను. తర్కశాస్త్రం చదివాను కాలేజీలో. దొరకలేదు.

జనవరి 23

రోడ్డు మీద నూనె గానుగ షావుకారు కనిపించాడు. నిరుడు ఎర్ర కుచ్చుటోపీ, ఈ ఏడు తెల్లటోపీ. బావ ఆగి, నమస్కారం చేసి, తల చుట్టూ తిరిగి చూశాడు.

"ఏంది రాజన్నా, గట్ల చూస్తున్నవు?"

"ఏం లేదు షావుకారూ. పాత టోపీ తీసినప్పుడు ఎంటికలు గూడ పోయినయేమోనని."

ఇంటికి వచ్చేదాకా రాజకీయం. నవాబు కావాలనేవాడు వెర్రివాడట. నవాబు వద్దని జెండా పట్టినవాడు రేపు తానే నవాబు అవుతాడట. భూములు పంచుతామనేవాళ్ళకు బావ సీతాఫలాలు పంచి చూశాడట, తొక్కలు ఆయన వాకిట్లోనే పారేసి పోయారట. శిస్తు కట్టించుకుని రసీదు ఇచ్చేవాడే సర్కారు, మిగతా అంతా లొల్లి.

"మరి ఎవరు ఉండాలె బావా?"

"ఎవ్వరు గూడ ఉండొద్దు. నడుస్తది."

నవ్వాను. నవ్విన తరవాత గుర్తొచ్చింది, నవ్వానని.

ఫిబ్రవరి 4

బావ ఖాజాగూడ చెరువు దగ్గర బండల మీద నుంచి అడ్డదారిన వచ్చి ముల్లు తొక్కాడు. చెప్పులు వేసుకోడు. చెప్పులు వేసుకుంటే నేల మర్యాద పోతుందట. ఎడమ మడమ బుడగలా వాచింది.

ఫిబ్రవరి 5

లింగంపల్లి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరు లేడు. నర్సమ్మ ఉంది. పేరు సక్కుబాయి, సంగారెడ్డి మనిషి. ముప్పై ఏడు ముప్పై ఎనిమిది ఉంటాయి. తల్లిదండ్రులు లేరు, పెంచిన చిన్నమ్మ కిష్టమ్మతో దవాఖాన వెనక గదిలో ఉంటుంది. మా బడి పిల్లలకు గజ్జి మందు ఈమే పంపుతుంది.

"కాలు సాపుండ్రి" అంది.

బావ నా వైపు తిరిగాడు. "ఆడమనిషికి కాలు సూపియ్యనని చెప్పు పంతులూ."

ఆమె రెండు చేతుల దూరంలో ఉంది. అయినా చెప్పాను.

"డాక్టరు పటాన్‌చెరు పోయిండు. వచ్చేదాంక ఆగుతదేమో కాలునే అడుగుండ్రి" అంది.

బావ కాలు చాపాడు, ముఖం గోడకు తిప్పి.

"నొప్పి ఉన్నదా?"

"లేదని చెప్పు" అన్నాడు బావ నాతో.

లేదట అన్నాను. ఆమె మడమ మీద బొటనవేలితో నొక్కింది. బావ తరవాతి మాట నా ద్వారా పోలేదు.

ఫిబ్రవరి 7

మళ్ళీ కట్టు. నేను తోడు పోయాను.

ఫిబ్రవరి 9

కట్టు. తోడు అక్కరలేదన్నాడు.

ఫిబ్రవరి 11

కట్టు.

ఫిబ్రవరి 20

బావ కాలికి ఇంకా కట్టుంది. ఎడమ కాలే. అయితే ముల్లు దిగింది మడమలో, కట్టు ఉన్నది బొటనవేలికి.

"ఏలుకేమైంది బావా?"

"గుమ్మానికి తగిలింది."

"నర్సమ్మతోని మాట్లాడుతున్నవా?"

"నేనెందుకు మాట్లాడుత? పరాయి ఆడమనిషితోని మాట్లాడెటోన్నా నేను? ఆమెనే మాట్లాడుతది. జవాబియ్యకపోతె మర్యాద కాదు."

"ఏం మాట్లాడుతది?"

బావ ఏకంగా గంటసేపు చెప్పాడు. ఆమెకు సంగారెడ్డిలో రెండెకరాల చెలక భూమి ఉండేదట. ఆమెకు కాకరకాయ ఇష్టమట. ఎదురుగా ఉన్నవాడు అబద్ధం చెబితే ఆమెకు నాడి పట్టుకోకుండానే తెలుస్తుందట.

చెప్పడం అయిపోయాక, స్టేషను దగ్గర కాలేజీ పిల్లవాడొకడు ఒక పిల్లతో నిలబడి మాట్లాడుతుంటే చూశానని, దేశం ఇట్లా పాడవుతోందని చాలా బాధపడ్డాడు.

ఫిబ్రవరి 26

మేక ఈనింది. తను పెంచిన మేక. రెండు పిల్లలు.

ఈ సంగతి తనకు చెప్పాలని లోపలికి రెండడుగులు వేశాను.

ఫిబ్రవరి 27

బావ నిద్ర సంగతి ఎత్తాడు. మేక ఈనింది, వదిలి ఎట్లా రావడం అన్నాను. నా ముఖం చూసి, మేకకు గడ్డి వేయడానికి లేచాడు.

మార్చి 6

సక్కుబాయి, కిష్టమ్మ మేకపాల కోసం వచ్చారు. కిష్టమ్మకు ఉబ్బసం, మేకపాలు మంచివట. బావ వాళ్ళను చూడగానే లోపలికి పోయి, రుమాలు కొత్తగా చుట్టుకుని, ఇప్పుడే వచ్చినవాడిలా బయటికి వచ్చాడు.

మాట ఓట్ల మీదికి పోయింది. పెద్దవాళ్ళందరికీ ఓటు వస్తుందని పేపర్లో ఉంది.

"ఇగ ఆడోళ్ళకు గూడ ఓటంట" అన్నాడు బావ గోడతో. "ఇంట్ల మొగోడు ఒక్కడేస్తె సాలదా?"

"మీ ఇంట్ల మొగోడు ఎవరికేస్తడు?" అంది సక్కుబాయి.

"ఎవ్వరికెయ్యడు. అందరు దొంగలే."

"అయితె మీ ఓటు పని లేకుండ పడి ఉంటది. నాకియ్యుండ్రి. నేను రెండేస్త."

కిష్టమ్మ నవ్వి దగ్గు తెచ్చుకుంది. బావ రాత్రి అన్నం తింటూ అన్నాడు, "సక్కుబాయి గారు సెప్పినదాంట్ల కొంత సంగతి లేకపోలేదు." నెల క్రితం నర్సమ్మ. ఇప్పుడు గారు కూడా చేరింది.

మార్చి 13

బావ తుమ్మితే మూడు తుమ్ములు. మూడోది కొంచెం కోపంగా. తనదీ అంతే. పక్క గదిలో నుంచి వింటే ఎవరిదో చెప్పడం కష్టం.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాశాను.

మార్చి 20

సికిందరాబాదు పోయి టాకీ చూశాం. కిష్టమ్మకు చచ్చేలోపు ఒక టాకీ చూడాలని ఉందట. ఆడవాళ్ళిద్దరే రైలెక్కడం ఎట్లా అని సక్కుబాయి నన్ను అడిగింది. నేను ఒప్పుకున్నాను.

బావ జీవితంలో టాకీ చూడలేదు. కానీ దాని గురించి ఆయనకు తెలియనిది లేదు. టాకీ చూసినవాడు మొదట జుట్టు పాపిట మారుస్తాడట, తరవాత అమ్మానాన్న మాట వినడట, చివరకు పాడతాడట.

"మరి నువ్వు రాకు బావా."

"నేను రాకపోతె మీకు కాపల ఎవరు?"

టాకీహాల్లో ఆడవాళ్ళకు వెనక తెర చాటున జనానా ఉంది. వాళ్ళిద్దరూ అందులోకి పోయారు. మేము ముందు బెంచీ మీద కూర్చున్నాం. రాజకుమారి ఉంది, గుర్రం ఉంది, పాటలు ఉన్నాయి. బావ మొత్తం ఆటలో తెల్లతెర వైపు చూసింది తక్కువ. రాజకుమారి ఏడ్చినప్పుడు వెనక్కి తిరిగాడు. గుర్రం కొండెక్కినప్పుడు వెనక్కి తిరిగాడు. వెనక వరుసవాడు విసుక్కున్నాడు.

"ఓ పెద్దమనిషీ, ఆట ముందట ఆడుతున్నది. ఎన్కకు తెర తప్ప ఏం లేదు."

"నాకు తెల్సు. నువ్వు నీ ఆట చూస్కో."

తరవాత స్టేషను దగ్గర ఇరానీ హోటల్లో చాయ్. రేడియో పాడుతోంది. ఆట ఎట్లుందని సక్కుబాయి అడిగింది. గోడను కాదు, నన్ను కాదు, నేరుగా బావనే.

"జర గూడ మంచిగ లేదు" అన్నాడు బావ, నేరుగానే. "ఆ పిలగాడు ఆ పిల్లను అడగనీకి అన్ని పాటలు పాడాల్నా? పెద్దమనిషిని తోలితె ఒక్క పూటల అయిపోతుండె."

"పెద్దమనిషి లేకపోతె?"

బావ చాయ్ సాసరులోకి ఒంపి, ఊది, ఊది, చాలాసేపు ఊదాడు. కాలు మాత్రం రేడియోకు తాళం వేస్తోంది. కట్టున్న కాలు.

మార్చి 30

ఉగాది. ఏడాది తిరిగేదాకా ఈ ఇంట్లో పండుగ లేదు. బావ ఎక్కడినుంచో వేపపువ్వు తెచ్చి, "పచ్చడి కాదు, మందు" అని ఒక చెంచా నా నోట్లో పెట్టాడు. కొత్త సంవత్సరం పేరు విరోధి. "పేరు మంచిగున్నది, నాతోని పడ్తది" అన్నాడు.

ఏప్రిల్ 17

సక్కుబాయికి తబాదలా అయింది. జూన్ నెలాఖరుకు నారాయణఖేడ్ దవాఖానలో చేరాలి. ఇక్కడికి రెండు రోజుల దారి. పెళ్ళయిన మనిషైతే భర్త ఊరికి దగ్గరలో ఉంచుతామని డాక్టరు అన్నాడట. ఈ మాట కిష్టమ్మ పాలు తీసుకుంటూ చెప్పింది. నాకు చెప్పింది కానీ, బావ వినేలా చెప్పింది.

బావ ఆ రోజంతా ఎవరినీ తిట్టలేదు. పేపరు చదివి వినిపించాను. మంత్రులు, ధరలు, సమ్మెలు. "ఊ" అన్నాడు. అంతే.

ఏప్రిల్ 18

కట్టు విప్పి గోడ మీద ఆరేశాడు.

ఏప్రిల్ 23

చివరికి నేనే ఎత్తాను.

"బావా, సక్కుబాయిని అడుగుదమా?"

"ఎవలకు?"

"నీకు."

"నాకా? ఈ ఈడుల? నవ్వుతరు జనం."

"జనాన్ని నువ్వెప్పుడు లెక్క చేసినవు?"

బావ మేకపిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు. అది దిగిపోయింది. మళ్ళీ తీసుకున్నాడు.

"అడిగేటందుకు నోరుండాలె పంతులూ. నా వాకిట్ల పందిరి ఏమని ఏస్త? కనకవ్వ సావుకు నా ఇంట్ల నీ నిద్ర ఇంకా కాలె. నువ్వొచ్చి పండుకునేదాంక అది సావు ఇల్లే. సావు ఇంట్లకు ఆడపిల్లను ఎట్ల తెస్త?"

"గంతేనా?"

"గంతే. నిన్ను బల్మీటికి గుంజుకపోను. నీ బరువు నీది. దిగినప్పుడే దిగుతది. నేను ఆగుత. ఆమె ఆగదు, గది ఆమె తప్పు కాదు."

వచ్చే శనివారం వస్తానని చెప్పాను.

ఏప్రిల్ 24

నేను అక్కడికి పోకపోవడానికి కారణం రాయడం కష్టమేమీ కాదు. ఆ ఇంట్లో నేను అల్లుణ్ణి. తను లేకుండా ఆ గడపలో అడుగు పెట్టలేదు. అల్లుడు ఒక్కడే పోతే ఎక్కడ కూర్చుంటాడో నాకు తెలియదు. అంతే కారణం.

బావ వెళ్ళిపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. చదువుకోవచ్చు. పుస్తకాలు నవంబరు నుంచి దుమ్ము పట్టి ఉన్నాయి.

ఒక ప్రశ్న. బావకు నేను చెల్లెలి భర్తను. చెల్లెలు లేదు. రేపు ఆయనకు భార్య, ఆమె వైపు చుట్టాలు వస్తారు. అప్పుడు నేను ఆయనకు ఏమవుతాను?

ఏప్రిల్ 30

శనివారం. పరీక్ష పేపర్లు దిద్దాలి. పోలేదు.

మే 7

శనివారం. ఎండ. పోలేదు.

బావ ఏమీ అనలేదు. అంటే బాగుండేది. ఈ రోజు రెండు పూటలా ఒకటే కూర వండాడు. కాకరకాయ. ఆయనకు కాకరకాయ ఇష్టం లేదు.

మే 8

మధ్యాహ్నం సక్కుబాయి బడికి వచ్చింది. పరీక్షలు అయిపోయి గదులు ఖాళీ. పిల్లల బెంచీ మీద కూర్చుంది. నేను నిలబడ్డాను, అలవాటు.

"మాస్టరుగారూ, మీ బావ నన్ను అడగలె. అడగడు గూడ. పెద్దలు అడగాలెనంటడు. ఆయనకు పెద్దంటె మీరే. మీరు అడుగుతరా, నేను నారాయణఖేడ్ బండెక్కాల్నా?"

"అడుగుత. పుప్పాలగూడ ఒకసారి పోయి రావాలె. ఆ పని అయినంక..."

"ఆ పని ఆర్నెల్లకెల్లి అయితలేదు."

"బడి, మేక, ఎండలు."

ఆమె కొంచెంసేపు నన్ను చూసింది. జ్వరం చూసే చూపు.

"ఆ ఇంటికి పోతె ఆమె యాదికొస్తదని మీరు పోతలేరని నేను ముందు అనుకున్న. గది నిజమే కావొచ్చు. కాని ఇప్పుడు ఇంకొకటున్నది. మీరు పోయి పండుకుంటె ఆయన పని అయిపోతది. మంచం తీస్కోని పోతడు. గందుకే పోతలేరు."

"నాకేం? పోతే పోనియ్యి. నాకు ఇబ్బంది లేదు."

"ఆహా" అంది. "మీ బావ గూడ మొదటి దినం గిట్లనే అన్నడు. నొప్పి లేదని చెప్పు పంతులూ, అని."

లేచి కొంగు దులుపుకుని వెళ్ళిపోయింది. బెంచీ మీద సుద్దముక్క ఉన్నట్టుంది, చీరకు వెనక తెల్లగా అంటింది. చెప్పాలనుకునేలోపు దూరం పోయింది.

మే 9

సక్కుబాయి అన్నది తప్పు.

మే 10

పూర్తిగా తప్పు కాదు.

మే 14

పొద్దున లేవగానే బావతో అన్నాను. "ఈ రోజు పోదం."

"ఎక్కడికి?"

"నిద్రకు."

బావ పళ్ళు తోముకుంటున్నాడు. వేపపుల్ల నోట్లోనే ఉంచుకుని నన్ను చూశాడు. "మేక?"

"కిష్టమ్మకు చెప్పిన. చూసుకుంటది."

"ఎండ?"

"పొద్దు వాలినంక బయలెల్లుదం."

"బడి?"

"సెలవులు బావా. నన్ను ఆపుతున్నవా ఏంది?"

పుప్పాలగూడ చేరేసరికి చీకటి పడుతోంది. గడప దగ్గర నా కాళ్ళు ఆగాయి. బావ చెంబుతో నీళ్ళు తెచ్చి నా కాళ్ళ మీద పోశాడు. పెళ్ళయిన కొత్తలో పోసినట్టే. ఎక్కడ కూర్చోవాలో అడగలేదు. ఆయన చెప్పలేదు. వాకిట్లో మంచం వాల్చి ఉంది. దాని మీద కూర్చున్నాను.

పక్కింటి రుక్కమ్మ వచ్చి, నన్ను పట్టుకుని, రివాజు ప్రకారం ఏడ్చింది. కనకవ్వ చిన్నప్పుడు వీళ్ళ జామచెట్టు ఎక్కి దిగలేక అరిచిందని చెప్పి ఏడ్చింది. చెప్పి నవ్వింది. నేనూ ఏడ్చాను. ఆర్నెల్లలో మొదటిసారి. ఎవరూ గమనించనట్టు ఉన్నారు, అందరూ గమనించారు.

కల్లు తెచ్చారు, కోడి కోశారు. బావ వడ్డిస్తూనే ఉన్నాడు.

మే 15

పడుకున్నాను. అంతే.

మెలకువ వచ్చేసరికి ఎండ బండల మీదికి ఎక్కి నా మంచం కోడు దాకా వచ్చింది. ఎంతపొద్దయిందో తెలియలేదు. ఊరు ఊరంతా నిశ్శబ్దం. ఒక్క రోకలి చప్పుడు లేదు. ఎవరికైనా ఏమైనా అయిందేమోనని లేచాను.

వాకిలి దాటి చూస్తే బావ సందు మొదట్లో కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండివాడొకణ్ణి ఆపి మెల్లగా మాట్లాడుతున్నాడు.

"ఎడ్ల గంటలు ఇప్పు."

"పొలానికి పోవాలె రాజన్నా."

"పో. గంటలిప్పి పో. పంతులు పండుకున్నడు. కార్తీకంకెల్లి పండుకోలె. నేను పక్క మంచం మీదనే ఉన్న, నాకు తెల్వదా?"

బండివాడు గంటలు విప్పి, ఎడ్ల పక్కన మునివేళ్ళ మీద నడుచుకుంటూ పోయాడు.

నేను వెనక్కి వచ్చి మళ్ళీ మంచం మీద పడుకున్నాను. ఆయన శ్రమ వృథా కాకూడదు. మళ్ళీ నిద్ర పట్టింది.

మే 16

మేము తిన్నగా లింగంపల్లి పోయాం, దవాఖాన వెనక గదికి. బావ అరుగు మీదే ఆగిపోయాడు. పిలగాడు లోపలికి రాకూడదట.

కిష్టమ్మ చాప పరిచింది. "పిలగాని దిక్కు పెద్ద ఎవరు?"

"నేనే."

"పిల్ల దిక్కు నేనున్న. కాని నేను ముసల్దాన్ని, ఆడదాన్ని. ఇచ్చెటోడు మొగోడు ఉండాలె. దానికి అన్నదమ్ములు లేరాయె."

లోపల సీసాలు కడుగుతున్న చప్పుడు ఆగింది. "మాస్టరుగారే ఉంటరు చిన్నమ్మా" అంది సక్కుబాయి. "నాకు అన్న లెక్క."

"రెండు దిక్కుల ఒక్కడే ఎట్లుంటడు?"

"చాప పెద్దదే గదా. అటొకసారి, ఇటొకసారి కూసుంటడు."

కూర్చున్నాను. చాపకు ఇటు కూర్చుని పిల్లను అడిగాను. కిష్టమ్మ లేపి అటు కూర్చోబెట్టింది. అటునుంచి, పిల్లవాడు ఏం చేస్తాడని అడిగాను. ఇటు వచ్చి, సీతాఫలం తోట ఉందని, ఎవరికీ అప్పు లేడని చెప్పాను. అటు వెళ్ళి, వయసు కొంచెం ముదిరిందేమోనని అనుమానపడ్డాను. ఇటు వచ్చి, ముదిరినా గట్టివాడన్నాను. అటు వెళ్ళి, కోపం ఎక్కువట కదా అన్నాను.

"పంతులూ" అని అరుగు మీద నుంచి వినిపించింది. "జర ఎక్కువ చేస్తున్నవు."

"పిలగాడు మధ్యల మాట్లాడొద్దు" అంది కిష్టమ్మ. "మర్యాద కాదు."

చివరికి అటు కూర్చున్నప్పుడు పిల్లను ఇచ్చాను. ఇటు వచ్చి పుచ్చుకున్నాను.

ఇంటికి వచ్చి ఏప్రిల్ 24 కాగితం తీశాను. సక్కుబాయికి నేను అన్నను. ఆమె భర్త నాకు బావ. నవాబు పోయినా, ఓట్లు వచ్చినా మారేది కాదు. అక్కడి ప్రశ్న కొట్టేశాను.

జూన్ 5

పెళ్ళి. పుప్పాలగూడ, చిన్న పందిరి. పెళ్ళికూతురి తరఫున కాళ్ళు కడిగింది నేను. బావ ఎడమ మడమ మీద ముల్లు మచ్చ ఉంది. బొటనవేలి మీద ఏ మచ్చా లేదు.

తెర తీసేముందు చెవిలో అడిగాను. "పిల్లను చూడకుండ చేసుకుంటున్ననని ఇప్పుడు గూడ అంటవా బావా?"

"ఎప్పుడు చూసిన?"

"రెండు నెలలు కట్టు కట్టించుకుంటివి గదా!"

"కట్టు కట్టేటప్పుడు ఎవడైన కాలునే చూస్తడు" అన్నాడు.

తెర తీశారు. సక్కుబాయి తలెత్తి సూటిగా చూసింది. బావ నిజంగానే మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

తను ఉంటే పందిట్లో అందరికంటే గట్టిగా నవ్వేది. ఇది రాయగలిగాను.

జూన్ 6

ఇంట్లో ఒక్కణ్ణే. పుస్తకాల దుమ్ము దులిపాను. చదవలేదు.

తబాదలా రద్దయింది. రోజూ బావే బండి కట్టి సక్కుబాయిని లింగంపల్లిలో దింపుతాడట.

జూన్ 8

పెళ్ళయిన జంట పిల్ల పుట్టింట్లో మూడు నిద్రలు చేయాలి. పిల్ల పుట్టిల్లు ఏదని రుక్కమ్మ అడిగిందట. మదీనాగూడ అని సక్కుబాయి చెప్పిందట. సాయంత్రం బండి దిగారు.

బావ ఇప్పుడు ఈ ఇంటి అల్లుడు. వచ్చిన గంటలో మంచం కుక్కిగా ఉందన్నాడు, పప్పులో ఉప్పు లేదన్నాడు, ఆర్నెల్లు తానే వండిన పొయ్యి పొగ పెడుతోందన్నాడు. సక్కుబాయి, "అన్నా, అల్లుడు అలుగుతున్నడు, పట్టించుకోకు" అంది. పక్క గదిలో ఎవరో తుమ్మారు. మూడుసార్లు.

నాలుగో రోజు పొద్దున బయల్దేరాలని ఇద్దరూ అంటున్నారు. మృగశిర వచ్చింది. వానలకు రాయదుర్గం దారిలో వాగు పొంగుతుందని, బండి దాటడం కష్టమని, ఒకటి రెండు రోజులు ఆగి చూడడం మంచిదని ఇప్పుడే చెప్పి ఉంచాను. వాగులో ఇంకా చుక్క నీరు లేదు.